గాజా పిల్లల పెద్దకర్మ

పెద్దకర్మ భోజనానికి వెళ్ళి నవ్వినవాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే అయ్యుంటాను. మొన్న మా ఊరి బాబాయిగారి పెద్దకర్మ. సెంటర్లో నా ఎరువుల కొట్టుకి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టారు. పైన రెండు తెల్లటి హంసలు, పక్కన దీపం, మధ్యలో ఆయన ఫొటో, అడుగున 'ఇట్లు, శోకతప్త కుటుంబ సభ్యులు'. ఆ ఆఖరి ముక్క చదివేసరికి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నన్ను వదలకుండా భోజనాల బల్ల దాకా వచ్చింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి "ఏంటండీ, గారె అడ్డం పడిందా?" అని మంచినీళ్ళు అందించాడు. అవునని తలూపాను. ఎందుకు నవ్వానో చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి. చెబితే మీకు అర్థమవుతుందన్న పూచీ ఏమీ లేదు, ఎందుకంటే నాకే ఇప్పటిదాకా అర్థం కాలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. మా వైపు వరస కలపకుండా మాట్లాడ్డం చేతకాదు కాబట్టి బాబాయిగారు. నరసాపురం వెళ్ళే రోడ్డు మీద మా ఊరు. ఆయనకి కాస్త కొబ్బరితోట, కాస్త వరి. పిల్లల్లేరు. తమ్ముడూ మరదలూ పోతే, వాళ్ళ పిల్లని ఆయనా పిన్నిగారూ తెచ్చుకుని పెంచారు. ఇంతవరకూ చెబితే డెల్టాలో ఏ ఊరి మనిషైనా 'ఇలాంటాయన మా ఊళ్ళోనూ ఉన్నాడు' అంటాడు. కానీ శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి మా బాబాయిగారు వేరు.

శుక్రవారం ఎండ తగ్గాక, ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని, చంకలో అట్ట పెట్టుకుని సెంటర్‌కి వచ్చేవారు. నా కొట్టుకీ మంగలిషాపుకీ మధ్య ఉన్న జాగాలో నిలబడి అట్ట గుండెకి ఆనించి పట్టుకునేవారు. దాని మీద 'పాలస్తీనా ప్రజలకు స్వేచ్ఛ కావాలి' అని నీలం అక్షరాలు. అరవరు, మాట్లాడరు, నిలబడతారంతే. దీపాలు పెట్టేవేళకి అట్ట చంకలో పెట్టుకుని ఇంటికి పోతారు. వానొస్తే గొడుగు ఆయనకి కాదు, అట్టకి పట్టేవారు.

బస్సు కోసం వచ్చినవాళ్ళు ఆయన్ని ఆర్టీసీ మనిషి అనుకునేవారు. "నరసాపురం బస్సు వెళ్ళిపోయిందాండీ?" అని అడిగేవారు. "ఆయ్, ఇప్పుడే వెళ్ళిందండి. ఇంకోటి పాలకొల్లులో బయల్దేరుంటుంది, కూర్చోండి" అని ఎంతో ఓపిగ్గా చెప్పేవారు. అట్ట మీద ఏముందో అడిగినవాళ్ళు తక్కువ. అడిగితే మాత్రం బస్సు తప్పిపోయేదాకా చెప్పేవారు.

ఐర్లండులో ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ కూడా వాళ్ళ ఊళ్ళో శుక్రవారం శుక్రవారం ఇలాగే నిలబడుతుందట. ఇద్దరూ ఫోన్లో ఫొటోలు పంపుకునేవారు. ఎలా కలిశారో అడిగితే "ఫోన్లోనే" అనేవారు, అక్కడికి అంతా చెప్పేసినట్టు. ఆవిడ వెనకాల ఎప్పుడూ పదిమందీ పాతికమందీ ఉండేవారు. ఈయన వెనకాల ఎవరుంటారు? అందుకని ఫొటో తీయించుకునేటప్పుడు నా గుమ్మంలో నేనూ, మంగలిషాపు గుమ్మంలో అతనూ కూడా పడేట్టు చూసుకునేవారు. ఆ రకంగా మేమిద్దరం ఐర్లండులో ఉద్యమకారులమయ్యాం. ఒకసారి నేను యూరియా బస్తా దించుతూ ఫొటోలో పడితే, "మీ మిత్రుడు ఎంతో కష్టపడుతున్నాడు, నా అభినందనలు చెప్పండి" అని ఆవిడ రాసిందట. ఆయన దాన్ని చాలా గంభీరంగా నాకు అందజేశారు.

అసలు ఆయనకి ఈ గొడవ ఎందుకు? ఈ ప్రశ్న ఊరందరిదీ. అడిగినవాళ్ళకి జవాబు దొరికేది, కానీ ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పేవారు కాదు. హైస్కూలు హెడ్మాస్టరుగారితో, వయసులో ఉండగా కువైట్లో పనిచేశానని, ఒకే గదిలో ఉన్న పాలస్తీనావాడు జ్వరమొస్తే రొట్టె ముంచి నోట్లో పెట్టాడని చెప్పారు. మంగలతనితో, పేపర్లో ఒక బొమ్మ చూశానని, అప్పట్నించీ అన్నం సయించలేదని చెప్పారు. నాతో మాత్రం "ఊరికేరా అబ్బాయ్, ఏం తోచక" అన్నారు. ఓసారి పిన్నిగారి దగ్గర కువైట్ ఊసెత్తితే ఆవిడ తెల్లబోయింది. "కువైటా? ఆయన విశాఖపట్నం దాటి ఎక్కడికెళ్ళారు నాయనా!" అంది. మిగతా ఏ విషయంలోనూ అబద్ధం ఆడని మనిషి. ఈ ఒక్కదాంట్లో మూడు ఆడారో, రెండు ఆడారో, అసలు ఆడనేలేదో.

ఇంకో తిరకాసు ఉంది. ఆయన కొబ్బరితోట లోంచి కూలీలు అడ్డదారిన పొలాలకి పోయేవారు. ఓ ఏడాది కాయలు పోతున్నాయని చుట్టూ ముళ్ళకంచె వేసి, గేటు పెట్టి, తాళం వేశారు. పాపం ఆడవాళ్ళు నెత్తిన కేరేజీలు పెట్టుకుని కాలవగట్టు చుట్టూ తిరిగి పోవాల్సివచ్చింది. నాకు ఒళ్ళుమండి, "అక్కడ సైన్యం వేసిన కంచె వద్దని అట్ట పట్టుకుంటారు, ఇక్కడ మీరు వేసిన కంచె వద్దని నన్ను పట్టుకోమంటారా బాబాయిగారూ?" అన్నాను. మనిషి ఎర్రగా అయిపోయారు. "దానికీ దీనికీ ఏంట్రా సంబంధం? కాయలు నీవా పోయేది?" అన్నారు. ఓ వారం నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత కంచె తీశారా అంటే తియ్యలేదు. గేటు తాళం మాత్రం అప్పుడప్పుడూ వెయ్యడం మర్చిపోయేవారు. నిజంగా మర్చిపోయేవారో ఏమో, అదీ తెలీదు.

ఇక ఫ్లెక్సీ. ఓ శుక్రవారం పొద్దున్నే ఆయన ఫోన్ పట్టుకుని కొట్లోకి వచ్చారు. బాంబు పడి చచ్చిపోయిన పిల్లల ఫొటో. చచ్చిపోకముందు తీసింది. ఇంటి మెట్ల మీద ఒకరినానుకుని ఒకరు కూర్చున్నారు. చిన్నదానికి ముందుపళ్ళు రెండూ లేవు, అయినా నోరంతా తెరిచి నవ్వుతోంది.   "దీన్ని ఫ్లెక్సీ వేయిస్తాను. మనవాళ్ళు అట్ట చదవరు గానీ ఫ్లెక్సీ అయితే ఆగి చదువుతారు" అని వెళ్ళిపోయారు. మాట నిజమే. మా వైపు మనిషి పుట్టినా, ఓణీల ఫంక్షనైనా, పోయినా సెంటర్లో ఫ్లెక్సీ పడాల్సిందే.

ఫ్లెక్సీ షాపతనికి బోలెడు పని. ఎవరో పోయారని వేసిన పాత ఫ్లెక్సీ ఒకటి కంప్యూటర్లో తెరిచాడు, ఫొటో మార్చాడు, పేరున్నచోట 'గాజాలో బాంబు దాడిలో మరణించిన చిన్నారులకు అశ్రునివాళి' అని ఈయన రాసిచ్చింది కొట్టాడు, అడుగున ఈయన పేరు పెట్టాడు. హంసలు, దీపం ఎలాగూ ఉన్నాయి. వాటితోపాటు అడుగున ఉన్న రెండు లైన్లూ ఉండిపోయాయి. 'ఆదివారం మధ్యాహ్నం మా స్వగృహమున జరుగు పెద్దకర్మ భోజన కార్యక్రమమునకు బంధుమిత్రులెల్లరూ విచ్చేయ ప్రార్థన. ఇట్లు, శోకతప్త కుటుంబ సభ్యులు.'

ఈయన పిల్లల మొహాలే చూశారు గానీ అడుగున చూడలేదు. కట్టించి, ఫొటో తీసి ఐర్లండుకి పంపేశారు. ఆవిడకి తెలుగు రాదు కాబట్టి ఎంతో బాగుందని రాసింది.

సాయంత్రానికల్లా నా కొట్టు ముందు పరామర్శ మొదలైంది. "పాపం, గాజాలో వాళ్ళ తాలూకు ఎవరున్నారండీ?" అని ఒకరు. "మస్కట్ అవతలా, ఇవతలా?" అని ఇంకొకరు. మా వైపు ఇంటికొకరు కువైట్లోనో దుబాయిలోనో ఉంటారు. దాంతో గాజా కూడా అలాంటి ఊరే అనుకున్నారు. మస్కట్లో అల్లుడున్న పెద్దావిడ ఒకామె కళ్ళొత్తుకుంటూ, "శవాలు తెప్పిస్తున్నారా బాబూ, అక్కడే చేసేశారా?" అని అడిగింది. 

అప్పుడు గాని ఫ్లెక్సీ అడుగున ఏముందో నేనూ చూడలేదు. చూసి, ఒక బ్లేడు తీసుకుని ఆయన ఇంటికి పరిగెత్తాను. "బాబాయిగారూ, ఆ అడుగు ముక్క కోసేద్దాం రండి. ఊరంతా ఆదివారం భోజనాలకి తయారౌతోంది" అన్నాను. సంగతి విని ముందు గట్టిగా నవ్వారు. తర్వాత నా చేతిలో బ్లేడు తీసుకుని కిటికీలో పెట్టారు.

"వద్దులేరా. పిలిచేశాం కదా."

"మీరెక్కడ పిలిచారండీ? ఫ్లెక్సీవాడు పిలిచాడు."

"ఎవరు పిలిస్తే ఏంటి? వచ్చేది మనింటికేగా. అన్నం లేదని పొమ్మంటావా?"

పిన్నిగారు తలుపు దగ్గర నిలబడి ఉంది. పెంచుకున్న అమ్మాయికి సంబంధం కుదిరి, ముహూర్తం పెట్టుకుని ఉన్నారు. భీమవరం దగ్గర మంచి కుటుంబం, చేపల చెరువులున్నవాళ్ళు. "శుభమా అని పిల్ల పెళ్ళి పెట్టుకుని, ఇంట్లో పెద్దకర్మ భోజనాలేంటండీ?" అంది. "అన్నం పెట్టడం అశుభం ఎలా అవుతుందే?" అన్నారాయన.  అయినా వంటమేస్త్రీకి ఆవిడే కబురుపెట్టింది.

ఆదివారం ఊరంతా వచ్చింది. గారెలు, బూరెలు, పులిహోర, ముద్దపప్పు, అన్నీ పద్ధతి ప్రకారమే. మెట్ల మీద పిల్లల ఫొటోకి దండ వేసి కుర్చీలో పెట్టారు. వచ్చినవాళ్ళు ఫొటోకి దణ్ణం పెట్టి వరసల్లో కూర్చున్నారు. ఆయన బూరెల బుట్ట పట్టుకుని వడ్డిస్తూ చెప్పడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళు సెంటర్లో నిలబడితే ఆగి వినని మనుషులు, విస్తరి ముందు నుంచి లేవలేక విన్నారు. వినగా వినగా అడగడం కూడా మొదలుపెట్టారు.

"అంటే, వాళ్ళ పొలానికి వాళ్ళు వెళ్ళాలన్నా సైన్యానికి కాగితం చూపించాలా?" అన్నాడో కౌలురైతు.

"ఆయ్, చూపించాల్సిందేనండి. ఒక్కోరోజు చూపించినా పోనివ్వరు."

"మరి నీళ్ళో? కాలవ లాకులు ఎవరి చేతిలో ఉంటాయి?"

"వాళ్ళ చేతిలోనేనండి."

"అదేం వ్యవసాయమండీ!" అని అతను చెయ్యి విస్తట్లో ఆపేశాడు. నిజంగా బాధపడ్డాడు. శివారు పొలం వాడు, వేసవిలో నీళ్ళ కోసం పడిన పాట్లున్నాయి.

అప్పుడే ఆ మస్కట్ అల్లుడి అత్తగారు, "ఇంతకీ ఈ పిల్లలు మీకేమవుతారు బాబూ?" అని అడిగింది. వరసంతా తలెత్తి చూసింది. ఏమీ కారని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఆయన బుట్టలో బూరెల వైపు చూసి, "మనవలనుకోండమ్మా" అన్నారు. ఆవిడ బావురుమంది. ఆవిణ్ణి చూసి పక్కావిడ. తర్వాత చెయ్యి కడుక్కునే దగ్గర ఎవరో ఆవిడతో, వాళ్ళెవరో పరాయి దేశం పిల్లలట, వీళ్ళకేమీ కారట అన్నారు. "ఎవరి పిల్లలైతే ఏంటి, పళ్ళు కూడా రాలేదు దానికి" అని ఆవిడ మళ్ళీ ఏడ్చింది.

ఆయన ఆ రోజున్నంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. అలా సంతోషించడం కూడా నాకు ఏదోలా అనిపించింది.

ఫ్లెక్సీ ఫొటో ఫోన్లలో తిరిగి తిరిగి భీమవరం చేరింది. మూడునాళ్ళకే పెళ్ళికొడుకు తండ్రి కారేసుకుని వచ్చారు. బాబాయిగారు నన్ను కూడా కూర్చోమని పిలిపించారు. వచ్చినాయన చాలా మర్యాదస్తుడు. చెయ్యెత్తు మనిషి, చిన్నగా మాట్లాడతారు.

"మాకు పట్టింపుల్లేవండి బావగారూ. మా అమ్మగారి బాధే. ఇంట్లో చావు జరిగితే ఏడాదిలోపు ఆ ఇంటివాళ్ళు కన్యాదానం చెయ్యకూడదంటుంది. ఫ్లెక్సీలో కుటుంబ సభ్యులని ఉంది, పెద్దకర్మా చేశారు. వాళ్ళు మాకేమీ కారు, పొరపాటున పడిందని మీరొక్క మాట ఫోన్లో మా అమ్మకి చెప్పేయండి. ముహూర్తానికే పెళ్ళి చేసేసుకుందాం."

ఫోన్ తీసి, నంబరు నొక్కడానికి సిద్ధంగా పట్టుకున్నారు. నాకు ప్రాణం కుదుటపడింది. ఒక్క మాట, అదీ నిజం. పిన్నిగారు కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో ఆగిపోయింది. వెనకాల అమ్మాయి ఉంది. 

"అనేయండి బాబాయిగారూ" అన్నాను.

"అనలేనండీ" అన్నారు, నాతో కాదు, వచ్చినాయనతో. "ఊరందరికీ మనవలని చెప్పి అన్నం పెట్టాను. తిన్నారు, ఏడ్చారు. ఇప్పుడు కారు అంటే ఆ అన్నం ఏమవుతుందండీ?"

వచ్చినాయన ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయనకి కోపం వచ్చుంటే బాగుండేది, రాలేదు.  బాబాయిగారే, "పిల్లకి వాళ్ళేమీ కారు. ఆ మాట మీ అమ్మగారికి చెబుతాను. ఆ మైలేదో మా ఇద్దరితో పోతుంది. మేం పీటల మీద కూర్చోం. మా పెత్తండ్రి మనవడూ భార్యా కూర్చుంటారు. పెళ్ళి మాత్రం ఆపకండి" అన్నారు. 'మా ఇద్దరితో' అన్నారు గానీ గుమ్మం వైపు తిరిగి ఆ రెండోమనిషిని అడగలేదు. పిన్నిగారు పళ్ళెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు కాఫీ ఎవరూ తాగలేదు.

పెళ్ళిలోపు అమ్మాయి నా కొట్టుకి వచ్చింది. "మీరైనా చెప్పండి. పెదనాన్న నా పెళ్ళిలో లేకపోతే నాకెందుకీ పెళ్ళి?" అంది. వెళ్ళి చెప్పాను. తిట్టాను కూడా. "పిన్నిగారు ఆ పిల్లకి తలంటు దగ్గర్నించీ అన్నీ చేసింది. ఆవిడ చేతిమీదుగా జరగాల్సిన కన్యాదానం మీరెవరండీ పాడుచెయ్యడానికి? పరాయి పిల్లల కోసం ఇంట్లో పిల్లని వదులుకుంటారా?" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "నువ్వన్నది నిజమేరా. అలా అని వాళ్ళు మనవలన్నదీ అబద్ధం కాదుగా" అన్నారు. 

నరసాపురంలో కల్యాణ మండపం, పగటి ముహూర్తం. బాబాయిగారూ పిన్నిగారూ లోపలికి రాలేదు. వెనకవైపు, వంటవాళ్ళు కూరలు తరిగే షామియానా కింద రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. పిన్నిగారు పీటల మీద కూర్చోడానికని కొనుక్కున్న పట్టుచీరే కట్టుకుంది. ఆయన అదే తెల్లచొక్కా. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. నేను లోపలికీ బయటికీ తిరుగుతున్నాను, ఎక్కడ నిలబడితే న్యాయమో తెలియక.

లోపల ఏం జరుగుతోందో మైకులో అంతా వినిపిస్తోంది. పంతులుగారు కన్యాదాతని ముందుకి రమ్మన్నారు. గోత్రాలు చెప్పడం మొదలైంది. బాబాయిగారి తాత పేరు, తండ్రి పేరు, తమ్ముడి పేరు ఒక్కొక్కటే మైకులో వచ్చాయి. బాబాయిగారు తలొంచుకున్నారు.

పిన్నిగారు లేచింది. వంటవాళ్ళ దగ్గరున్న చిన్న చెంబు అడిగి నీళ్ళు ముంచుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"లేవండి. తూర్పుకి తిరగండి" అంది.

ఆయన అయోమయంగా చూశారు. "ఏంటే ఇది?"

"మీ మైల మీది. నా పిల్ల నాది. దోసిలి పట్టండి."

ఆయన లేచి తూర్పుకి తిరిగారు. దోసిలి పట్టారు. మైకులో మంత్రం ఒక్కో ముక్కా వస్తుంటే ఆవిడ ఆ దోసిట్లో సన్నగా ధార పోసింది. కింద పట్టుకోవడానికి పెళ్ళికొడుకు చేతులు లేవు, పిల్ల చెయ్యి లేదు. నీళ్ళు ఆయన వేళ్ళలోంచి జారి, తరిగిన వంకాయ తొడిమల మీద పడ్డాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఎవరి పేరు చెప్పుకుంటున్నారో నాకు వినిపించలేదు. చెంబు ఖాళీ అయ్యాక ఆవిడ దాన్ని వంటవాళ్ళకి ఇచ్చేసి, కొంగుతో ఆయన చేతులు తుడిచింది.